జుట్టు ఊడుతోందా? నూనె, మందు, ఇంజెక్షన్, సర్జరీ, గుండు: హైదరాబాద్ కుర్రాళ్లకు ఒక పోలిక

పాతికేళ్లు నిండకముందే నుదురు పైకి జరుగుతుంటే ఎవరికైనా టెన్షనే. ఇంట్లో సంబంధాలు చూడటం మొదలుపెట్టే వయసు అది. బయోడేటాకు ఫొటో పంపాలంటే ఏ వైపు నుంచి తీయించుకోవాలా అని ఆలోచన. సరిగ్గా అప్పుడే అమీర్‌పేట నుంచి మాదాపూర్ దాకా ఎటు చూసినా జుట్టు తెప్పిస్తామనే బోర్డులే కనిపిస్తాయి. ఫోన్ తెరిస్తే అవే ప్రకటనలు. సెలూన్‌లో కటింగ్ చేసే అన్న ఒక నూనె పేరు చెబుతాడు, ఊరి నుంచి అమ్మ ఫోన్ చేసి మెంతులు నానబెట్టుకోమంటుంది, ఆఫీసులో పక్క సీటువాడు తలలో పీఆర్పీ ఇంజెక్షన్లు చేయించుకుంటున్నానంటాడు.

వీటన్నిటిలో ఏది మంచిదని అడిగితే జవాబు దొరకదు. రెండు విషయాలు తేలాలి. మీకు జుట్టు ఏ రకంగా ఊడుతోంది? మీరు దేన్ని ఏళ్ల తరబడి వదలకుండా చేయగలరు? చాలామంది ఈ రెండింటినీ వదిలేసి నేరుగా ధర, ఫొటోలు పోల్చుకుంటారు. డబ్బు పోవడం అక్కడే మొదలవుతుంది. డబ్బు కన్నా విలువైన కాలం కూడా అక్కడే పోతుంది.

ముందు ఏ రకమో తేల్చుకోండి

ఆరోగ్యంగా ఉన్న తలకు కూడా రోజూ 50 నుంచి 100 వెంట్రుకలు ఊడతాయి. వారానికి ఒకసారి తలస్నానం చేసేవాళ్లకు ఆ వారం ఊడినవన్నీ ఒకేసారి చేతికి వస్తాయి, దాంతో గుండె ఆగినంత పనవుతుంది. అందుకే ఎన్ని ఊడుతున్నాయన్నది కాదు, ఎక్కడ పలచబడుతోందన్నది చూడాలి.

రెండు కణతల దగ్గర మూలలు లోపలికి పోతూ, నడినెత్తిన పలచబడుతూ, తల వెనకా చెవుల పైనా మాత్రం ఒత్తుగానే ఉంటే అది మగవాళ్లకు వచ్చే మామూలు బట్టతల. వంశపారంపర్యంగా వస్తుంది. ఒంట్లోని టెస్టోస్టిరాన్ ఒక ఎంజైమ్ వల్ల డీహెచ్‌టీ అనే హార్మోన్‌గా మారుతుంది. ఆ హార్మోన్‌ను తట్టుకోలేని కుదుళ్లు ఒక్కో విడతకూ చిన్నబోతాయి. లావు వెంట్రుక సన్నబడుతుంది, సన్నది నూగుగా మారుతుంది, చివరికి అదీ కనిపించదు. నాన్నకు ఒత్తైన జుట్టుంది కాబట్టి నాకు రాదనుకోవడానికి లేదు. ఇందులో ముఖ్యమైన ఒక జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, మగపిల్లాడికి అది అమ్మ నుంచే వస్తుంది. మేనమామల తలలూ చూడండి. అయితే అమ్మ వైపే చూస్తే సరిపోదు, నాన్న వైపు నుంచి వచ్చే జన్యువులూ ఉన్నాయి.

రెండో రకం వేరు. తల మొత్తం సమానంగా, గుప్పెళ్లకొద్దీ ఊడుతుంది. రెండు మూడు నెలలు వెనక్కి వెళ్లి గుర్తు తెచ్చుకుంటే ఏదో ఒక దెబ్బ కనిపిస్తుంది: వానాకాలంలో వచ్చిన డెంగ్యూ, టైఫాయిడ్, ఏదైనా ఆపరేషన్, నెల రోజుల్లో పది కిలోలు తగ్గాలని చేసిన డైట్, ఇంట్లో ఒక చావు. ఒంటికి పెద్ద కష్టం వస్తే ఎదుగుతున్న వెంట్రుకల్లో చాలా ఒకేసారి విశ్రాంతి దశలోకి వెళ్లి, ఆ తర్వాత రాలిపోతాయి. కుదురు చావదు. కారణం తొలగిపోతే సాధారణంగా ఆరు నెలల్లోపు ఊడటం ఆగి, జుట్టు మెల్లగా తిరిగి వస్తుంది. ఎక్కువ బాధ కలిగించే సంగతి ఇక్కడే ఉంది. సరిగ్గా ఈ భయంలోనే కుర్రాళ్లు పెద్ద ప్యాకేజీకి ఈఎంఐ కట్టేస్తారు. దానంతటది రావాల్సిన జుట్టు వస్తుంది, పేరు ప్యాకేజీకి పోతుంది, ఆ కుర్రాడి మాట విని ఇంకో నలుగురు చేరతారు.

మూడోది పేను కొరుకుడు. రూపాయి బిళ్లంత మేర నున్నగా ఊడిపోతుంది, తలలోనో గడ్డంలోనో. పేలతో దీనికి సంబంధం లేదు, మన రోగనిరోధక వ్యవస్థే పొరపాటున కుదుళ్ల మీద దాడి చేయడం వల్ల వస్తుంది. బ్లేడుతో గీకించుకోవడం, వెల్లుల్లి రుద్దడం లాంటివి చేస్తే చర్మం పుండవుతుంది. చిన్న మచ్చలు చాలామందికి వాటంతటవే నిండుతాయి. నిండకపోతే డాక్టర్ ఆ చోట స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. తలంతా పోయిన తీవ్రమైన కేసులకు ఇప్పుడు కొత్త మాత్రలున్నాయి. వాటిలో ఒకటైన బారిసిటినిబ్‌కు అమెరికా మందుల సంస్థ ఎఫ్‌డీఏ 2022లో అనుమతి ఇచ్చింది. అవి నిపుణుల పర్యవేక్షణలోనే వాడాల్సినవి.

ఇక తల మీద నొప్పి, చీము పొక్కులు, ఊడిన చోట చర్మం మెరుస్తూ గట్టిపడటం, మెడ వెనక గడ్డలు కనిపిస్తే పోలికలు, సలహాలు పక్కన పెట్టి ఈ వారమే చర్మ డాక్టర్ దగ్గరకు వెళ్లండి. మచ్చ కట్టిన చోట కుదురు శాశ్వతంగా పోతుంది.

ఎవరికి చూపించాలి? ఎండీ డెర్మటాలజీ, డీవీఎల్, డీడీవీఎల్ లాంటి చర్మవ్యాధుల చదువులు చేసినవాళ్లకు. ట్రైకాలజిస్ట్ (జుట్టు నిపుణుడు) అని బోర్డు మీద రాసుకున్నంత మాత్రాన ఎండీ చదివినట్టు కాదు, పేరు వెనకున్న డిగ్రీ చదవండి. డబ్బు ఇబ్బంది ఉంటే అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా, ముషీరాబాద్‌లోని గాంధీ ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల ఓపీ ఉంది. లైన్‌లో నిలబడే ఓపిక కావాలి, ఉదయమే వెళ్లాలి, కానీ అక్కడ మీకు ప్యాకేజీ అమ్మాల్సిన అవసరం ఎవరికీ లేదు. నాకు ఇది చాలా పెద్ద విషయంగా అనిపిస్తుంది. ప్రైవేటులో కూడా మొదటి మాటలు డాక్టర్‌తో జరగాలి. డాక్టర్ కన్నా ముందు కౌన్సెలర్ మిమ్మల్ని కూర్చోబెట్టి రేట్ల కాగితం తీస్తే ఆ రోజుకు లేచి వచ్చేయండి.

జుట్టు తలంతా ఊడుతుంటే రక్తపరీక్షలు పనికొస్తాయి: సీబీపీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), థైరాయిడ్, విటమిన్ డి, బీ12. ఒక జాగ్రత్త. బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నవాళ్లకు థైరాయిడ్ లాంటి కొన్ని పరీక్షల్లో అంకెలు తప్పుగా వస్తాయి. ఆ సంగతి ల్యాబ్‌లోనూ డాక్టర్‌కూ చెప్పండి, పరీక్షకు ఎన్ని రోజుల ముందు ఆపాలో అడగండి.

నీళ్ల మీద వేసే నింద

ఊరి నుంచి వచ్చి కూకట్‌పల్లి, కొండాపూర్, మణికొండ హాస్టళ్లలో చేరిన ప్రతివాడి నోటా ఒకటే మాట: బోరు నీళ్లకే ఊడిపోతోంది. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. షాంపూ నురగ రాదు, జుట్టు గడ్డిలా అవుతుంది, చిక్కుపడుతుంది, దువ్వితే మధ్యలో తెగుతుంది. ఇదంతా నిజమే. కానీ నుదుటి మూలలు వెనక్కి జరగడానికి నీళ్లు కారణం కాదు. అదే నీళ్లతో స్నానం చేస్తున్నా తల వెనక జుట్టు చెక్కుచెదరదు కదా.

అసలు జరిగేదేమిటంటే హైదరాబాద్ వచ్చే వయసూ, వంశపారంపర్య బట్టతల మొదలయ్యే వయసూ ఒకటే. దానికి తోడు హాస్టల్ తిండి. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం సాంబారన్నం, రాత్రి నూడుల్స్ తింటే ప్రొటీన్ ఎక్కడి నుంచి వస్తుంది? షవర్‌కు తగిలించే ఫిల్టర్ కొనేముందు ఆ డబ్బును గుడ్లు, పప్పు, పెరుగు, వేరుశనగల మీద పెట్టండి. చిన్న షవర్ ఫిల్టర్లు క్లోరిన్, మట్టి కొంత పడతాయేమో గానీ నీటి కాఠిన్యాన్ని పెద్దగా తగ్గించవు. అది తగ్గాలంటే అపార్ట్‌మెంట్‌కు పెట్టే ఉప్పుతో నడిచే సాఫ్ట్‌నర్ కావాలి. అంత ఖర్చు లేకుండా చివరి రెండు మగ్గులు తాగునీళ్లతో పోసుకుంటే జుట్టు మెత్తగా ఉంటుంది.

హెల్మెట్ వల్ల కూడా బట్టతల రాదు. చెమట పట్టిన లైనింగ్ ఉతకకపోతే చుండ్రు, దురద పెరుగుతాయి, అంతవరకే. జుట్టు కోసం హెల్మెట్ తీసేసి ఓఆర్ఆర్ సర్వీస్ రోడ్డు మీద బండి నడపకండి, దయచేసి.

జిమ్‌కు వెళ్లేవాళ్లకు ఒక మాట. వే ప్రొటీన్ బట్టతల తెస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. కండల కోసం తీసుకునే స్టెరాయిడ్, టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ల సంగతి అలా కాదు. వంశంలో బట్టతల ఉన్నవాడికి అవి ఆ పనిని వేగం చేస్తాయి. ట్రైనర్ ఏమిస్తున్నాడో తెలుసుకోకుండా పొడిపించుకోవద్దు.

నూనెనా, షాంపూనా

చుండ్రు మన తల నూనె మీద బతికే మలసీజియా అనే ఈస్ట్ వల్ల ఎక్కువవుతుంది. చుండ్రు ఉన్న తలకు రాత్రంతా నూనె పట్టించి ఉంచితే దానికి తిండి పెట్టినట్టే. అమ్మకు ఈ మాట నచ్చదు. కానీ చుండ్రు తగ్గేదాకా నూనె ఆపడమే మంచిది. చుండ్రు లేని పొడి జుట్టుకు కొబ్బరి నూనె మేలు చేస్తుంది. వెంట్రుకలోని ప్రొటీన్ నష్టాన్ని అది తగ్గిస్తుంది. తలస్నానానికి ముందు రాసుకుని కడిగేస్తే చాలు. అయితే అది వెంట్రుకకు కాపలా కాస్తుంది గానీ, కుదురును తిరిగి లేపలేదు.

తేలికపాటి చుండ్రుకు జింక్ పైరిథియోన్ ఉన్న మామూలు షాంపూ చాలు. దురద, ఎర్రదనం, కనుబొమ్మల్లోనూ పొట్టు రాలడం ఉంటే 2% కీటోకొనజోల్ షాంపూ మెరుగు. వారానికి రెండుసార్లు, నురగను తల మీద మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచి కడగాలి, రెండు నుంచి నాలుగు వారాలు. చాలామంది పెట్టిన వెంటనే కడిగేసి షాంపూ పనిచేయలేదంటారు. తలస్నానం ఎక్కువ చేస్తే జుట్టు ఊడుతుందన్న భయం వద్దు. ఊడటానికి సిద్ధంగా ఉన్నవే ఆ రోజు చేతికి వస్తాయి.

ఉల్లిరసం గురించి అడిగేవాళ్లు చాలామంది. దాని మీద 2002లో ఒక చిన్న అధ్యయనం వచ్చింది, అది పేను కొరుకుడు మీద చేసింది. మగవాళ్ల బట్టతలకు దాన్ని ఆధారంగా చూపించడం తప్పు. గుంటగలగరాకు, మందార, మెంతులతో తల చల్లగా, జుట్టు మెత్తగా ఉంటుందంటే కాదనను. వాటితో ఒక ఏడాది గడిపేసి అప్పుడు డాక్టర్ దగ్గరకు వెళితే మాత్రం ఆ ఏడాదిలో పోయిన కుదుళ్లు తిరిగి రావు. గుండు చేయించుకుంటే ఒత్తుగా వస్తుందన్నదీ అంతే. తిరుమలకో యాదగిరిగుట్టకో మొక్కు ఉంటే తప్పకుండా తీర్చుకోండి, మళ్లీ మొలిచేటప్పుడు చివర మొద్దుగా ఉండటం వల్ల లావుగా అనిపిస్తుంది. కుదుళ్ల సంఖ్య మారదు.

మినాక్సిడిల్, ఫినాస్టెరైడ్: అసలు పోలిక ఈ రెండింటి మధ్యే

వంశపారంపర్య బట్టతలకు బలమైన ఆధారాలున్న మందుల్లో ముఖ్యమైనవి ఈ రెండు. మిగతా ఏ ఖరీదైన చికిత్సనైనా వీటి పక్కన పెట్టి చూడాలి.

మినాక్సిడిల్ మొదట రక్తపోటు మాత్ర. వాడినవాళ్లకు ఒంటి మీద వెంట్రుకలు పెరగడం చూసి తలకు రాసే మందుగా మార్చారు. 1988లో అమెరికాలో అనుమతి వచ్చింది. డీహెచ్‌టీని ఇది ముట్టుకోదు, కుదురు ఎదిగే దశను పొడిగిస్తుంది. మగవాళ్లకు 5% మందు, ఒక్కో ఎంఎల్ చొప్పున రోజుకు రెండుసార్లు, పొడి తల మీద, జుట్టుకు కాకుండా చర్మానికి రాయాలి. అంటే 60 ఎంఎల్ సీసా సరిగ్గా నెలకు వస్తుంది. నెలవారీ ఖర్చు లెక్క దీన్నిబట్టి వేసుకోండి. ద్రావణంలో ప్రొపిలీన్ గ్లైకాల్ ఉంటుంది, కొందరికి దానివల్లే దురద, పొట్టు. అలాంటివాళ్లకు ఫోమ్ మేలు, అయితే ధర ఎక్కువ. పొద్దున రాసుకుని వెంటనే హెల్మెట్ పెట్టి బయలుదేరితే మందు లైనింగ్‌కు అంటుతుంది. ఆఫీసుకు తొందరగా వెళ్లేవాళ్లు ఆరబెట్టుకునే టైమ్ ముందే చూసుకోవాలి. రాత్రి పడుకోబోయే ముందు కాకుండా రెండు గంటలు ముందే రాసుకోవాలి.

మొదటి కొన్ని వారాల్లో జుట్టు ఇంకా ఎక్కువ ఊడొచ్చు. పాత వెంట్రుకలు కొత్తవాటికి చోటిస్తున్నాయన్నమాట. చాలామంది ఇక్కడే భయపడి ఆపేస్తారు. ఫలితం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు నెలలు కావాలి. ఆపేస్తే వచ్చిన జుట్టు మూడు నాలుగు నెలల్లో పోతుంది. గుండెదడ, తలతిరుగుడు, కాళ్ల వాపు ఉంటే ఆపి డాక్టర్‌కు చెప్పాలి. ఇంట్లో పిల్లి ఉంటే అసలు చాలా జాగ్రత్త, పిల్లులకు ఈ మందు ప్రాణాంతకం, దిండు గలీబు నాకినా ప్రమాదమే.

తక్కువ డోసు మినాక్సిడిల్ మాత్రలు కూడా డాక్టర్లు ఇప్పుడు రాస్తున్నారు. రాసుకునే గోల ఉండదు. కానీ అది గుండె, రక్తపోటు మీద పనిచేసే మందు కాబట్టి స్నేహితుడు వేసుకుంటున్నాడని మెడికల్ షాపులో కొనుక్కోవద్దు.

ఫినాస్టెరైడ్ దారి వేరు. టెస్టోస్టిరాన్ డీహెచ్‌టీగా మారే చోటే అడ్డుపడుతుంది, రక్తంలో డీహెచ్‌టీ మూడింట రెండు వంతుల దాకా తగ్గుతుంది. 1 మి.గ్రా మాత్రకు 1997లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ అధ్యయనాల్లో రెండేళ్ల తర్వాత లెక్కపెడితే, మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 72% మందికి జుట్టు తగ్గింది, ఫినాస్టెరైడ్ వేసుకున్నవాళ్లలో 17% మందికే తగ్గింది. కొత్తగా మొలిపించడం కన్నా ఉన్నది నిలబెట్టడంలో దీని సత్తా ఉంది. ఇరవైల్లో ఉన్నవాడికి కావాల్సింది ముఖ్యంగా అదే.

భయం కూడా దీని మీదే ఎక్కువ, ఆ భయాన్ని కొట్టిపారేయను. అవే అధ్యయనాల్లో కోరిక తగ్గడం, అంగస్తంభన సమస్య లాంటివి మందు వేసుకున్నవాళ్లలో 3.8% మందికి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 2.1% మందికి కనిపించాయి. చాలామందికి ఆపితే తగ్గిపోతాయి, కొందరు ఆపిన తర్వాత కూడా కొనసాగాయని చెప్పారు. మనసు మీద ప్రభావం ఇంకా ముఖ్యం. ఆత్మహత్య ఆలోచనలను దీని దుష్ప్రభావంగా యూరప్ మందుల సంస్థ 2025లో ధ్రువీకరించింది. ఇంతకుముందు డిప్రెషన్ ఉన్నవాళ్లు ఆ సంగతి డాక్టర్ దగ్గర దాచకూడదు. మందు మొదలుపెట్టాక నిరుత్సాహం కమ్ముకుంటే ఆపి, వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయాలి. పిల్లల కోసం ప్రయత్నిస్తున్న దశలోనూ డాక్టర్‌తో మాట్లాడండి, కొందరిలో వీర్యం నాణ్యత తగ్గుతుంది. గర్భంతో ఉన్న భార్య విరిగిన మాత్రను ముట్టుకోకూడదు. ఈ మందు వాడుతూ రక్తదానం చేయకూడదు, ఆపాక నెల ఆగాలి. పద్దెనిమిది దాటనివాళ్లకు ఇది లేదు.

రాసుకునే ఫినాస్టెరైడ్, మినాక్సిడిల్‌తో కలిపిన ద్రావణంగా ఇక్కడ దొరుకుతోంది. తల మీద రాస్తే ఒంట్లోకి వెళ్లదనుకోవడం పొరపాటు. తక్కువ వెళ్తుంది, అంతే. ఫినాస్టెరైడ్ తరహా మందే అయిన డ్యూటాస్టెరైడ్ ఇంకా బలమైనది. ఒంట్లో నెలల తరబడి ఉంటుంది కాబట్టి, పెళ్లి, పిల్లలు ముందున్న కుర్రాడికి అది మొదటి ఎంపిక కాకూడదని నా అభిప్రాయం.

నా మాట అడిగితే, నడినెత్తి ఇప్పుడిప్పుడే పలచబడుతూ మాత్రల భయం ఉన్నవాడు మినాక్సిడిల్‌తో మొదలుపెట్టొచ్చు. నుదురు వేగంగా జరుగుతూ ఇంట్లో నాన్నకో మేనమామకో ముప్పైకే బట్టతల ఉంటే, డాక్టర్‌తో మాట్లాడి ఫినాస్టెరైడ్ గురించి ఆలోచించడమే తెలివైన పని. రెండూ కలిపితే ఒక్కటి వాడినదానికన్నా ఫలితం మెరుగు. రోజుకు రెండుసార్లు రాసుకోవడం మీవల్ల కాదని ముందే తెలిస్తే, అది ఒప్పుకుని డాక్టర్‌కు చెప్పండి. క్రమం తప్పకుండా వాడిన ఒక మందు, అప్పుడప్పుడూ వాడిన మూడు మందులకన్నా ఎక్కువ పనిచేస్తుంది.

పీఆర్పీ, లేజర్ టోపీ, గమ్మీలు

పీఆర్పీలో మీ రక్తమే తీసి, తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగాన్ని తలలో ఇంజెక్ట్ చేస్తారు. నెలకొకటి చొప్పున మూడు నాలుగు సెషన్లు, తర్వాత ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ. కొందరికి జుట్టు కొంచెం లావెక్కుతుంది. ఒక్కో క్లినిక్ ఒక్కోలా తయారుచేస్తుంది కాబట్టి ఫలితాలు కూడా ఒక్కోలా ఉంటాయి. మందులకు తోడుగా అయితే సరే, మందుల బదులుగా అయితే ఖర్చు దండగ. పన్నెండు సెషన్లకు ముందే డబ్బు కట్టమంటే కట్టొద్దు. ఒక్కో సెషన్‌కు ఒక్కోసారి కట్టండి. సూది, ట్యూబు మీ కళ్ల ముందే కొత్తగా విప్పాలి.

తల మీద తక్కువ శక్తి లేజర్ కాంతి పడేలా చేసే లేజర్ టోపీ వల్ల కొంత లాభం ఉంది, ధర దానికి తగ్గట్టు లేదు. బయోటిన్ లోపం అరుదు, లోపం లేనివాడికి గమ్మీలు తింటే ఒరిగేది లేదు. పరీక్ష లేకుండా ఇంటికే మందుల పెట్టె పంపించే యాప్‌లు ఉన్నాయి. పెట్టెలో నిజంగా పనిచేసేది చాలాసార్లు మినాక్సిడిలే, మిగతావన్నీ దాని చుట్టూ చేర్చినవి. దాన్నొక్కదాన్నీ డాక్టర్ చెప్పినట్టు మెడికల్ షాపులో కొనుక్కుంటే తక్కువలో అయిపోతుంది.

2025 ఏప్రిల్‌లో ఉప్పల్ వైపు జుట్టు మొలిపించే మందు రాస్తామంటే గుండ్లు చేయించుకుని ఎండలో క్యూ కట్టిన మన కుర్రాళ్లను చూశాం. వాళ్లను తెలివితక్కువవాళ్లంటే నేను ఒప్పుకోను. పెళ్లి సంబంధం జుట్టు దగ్గర ఆగిపోయినవాడి బాధ అది. కానీ ఏముందో చెప్పని మందును తల మీద రాయనివ్వకండి. రసాయనాల మంటకు పుండయిన చర్మం, తర్వాత అసలు చికిత్సకు కూడా పనికిరాకుండా పోవచ్చు.

ట్రాన్స్‌ప్లాంట్

తల వెనక భాగంలోని కుదుళ్లు డీహెచ్‌టీకి లొంగవు. వాటిని ముందుకు తెచ్చి నాటినా ఆ గుణం పోదు. ఈ సర్జరీ మొత్తం ఆ ఒక్క సూత్రం మీదే నిలబడింది. వెనక నుంచి ఒక పట్టీలా చర్మం కోసి కుదుళ్లు విడదీస్తే ఎఫ్‌యూటీ, ఒక్కో కుదురునే తీస్తే ఎఫ్‌యూఈ. మొదటిదానిలో వెనక గీతలా మచ్చ ఉంటుంది, జుట్టు మరీ చిన్నగా కత్తిరిస్తే కనబడుతుంది. రెండోదానిలో చుక్కల్లాంటి మచ్చలు పడతాయి, అంతగా కనిపించవు. అయితే చేతకానివాడు అతిగా తీస్తే తల వెనకంతా ఎలుక కొరికినట్టవుతుంది. ఇప్పుడు ఎక్కువగా జరిగేది ఎఫ్‌యూఈ.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట: వెనకున్న కుదుళ్లు మీకు జీవితాంతానికి ఇచ్చిన నిల్వ, కొన్ని వేల గ్రాఫ్ట్‌లే (నాటడానికి తీసే చిన్న కుదురు ముక్కలు). ఒకసారి వాడితే మళ్లీ మొలవవు. ఇరవై రెండేళ్లవాడు నుదుటి మీద కాలేజీ రోజుల నాటి హెయిర్‌లైన్ కావాలని రెండున్నర వేల గ్రాఫ్ట్‌లు అక్కడ పెట్టించుకున్నాడనుకోండి. నాటినవి ఉంటాయి. వాటి వెనకున్న సొంత జుట్టు ఊడుతూనే పోతుంది. ముప్పైకి వచ్చేసరికి ముందు ఒక కంచె, వెనక ఖాళీ మైదానం. పూడ్చడానికి నిల్వ ఉండదు. అందుకే పాతికేళ్ల లోపు, ఊడటం ఇంకా నిలబడనప్పుడు ట్రాన్స్‌ప్లాంట్‌కు తొందరపడొద్దు. కనీసం ఏడాది పాటు మందులతో ఊడటాన్ని ఆపి, ఆ తర్వాత మిగిలిన ఖాళీని నాటుకోవడమే సరైన వరుస. సర్జరీ అయ్యాక కూడా మందులు మానకూడదు, ఉన్న జుట్టును కాపాడేది అవే. మందులు వద్దనుకుని సర్జరీకి వెళ్లేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

ఎవరు చేయాలన్న దాని మీద జాతీయ వైద్య మండలి 2022 సెప్టెంబర్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. తగిన సర్జికల్ శిక్షణ ఉన్న డాక్టర్లే చేయాలి. యూట్యూబ్ చూసో, వర్క్‌షాప్‌కు వెళ్లో నేర్చుకుంటే సరిపోదని అందులో స్పష్టంగా ఉంది. కాన్పూర్‌లో జుట్టు మార్పిడి తర్వాత ఇద్దరు ఇంజినీర్లు చనిపోయారన్న కేసు 2025లో దేశమంతా వార్తయింది. గంటల తరబడి మత్తు ఇంజెక్షన్లతో జరిగే ఆపరేషన్ ఇది, సెలూన్ పని కాదు. క్లినిక్‌కు వెళ్తే ఇవి అడగండి: నా తలకు గాట్లు పెట్టేది, గ్రాఫ్ట్‌లు తీసేది డాక్టరా, టెక్నీషియనా? ఆ రోజు డాక్టర్ ఎంతసేపు గదిలో ఉంటారు? ప్రాణం మీదకు వస్తే చూసుకునే ఏర్పాటేమిటి? ఏడాది తర్వాతి ఫొటోలు, తడి జుట్టుతో, చూపిస్తారా? జవాబు సూటిగా రాకపోతే జూబ్లీహిల్స్‌లో అద్దాల మేడలో ఉన్నా వద్దు.

ధర పోల్చేటప్పుడు గ్రాఫ్ట్‌కు ఇంత అన్న అంకెతో మోసపోవద్దు. ఒక గ్రాఫ్ట్‌లో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలుంటాయి. వెంట్రుకల లెక్క చెప్పి గ్రాఫ్ట్‌ల లెక్కలా వినిపించేవాళ్లున్నారు. వైద్య సేవలకున్న జీఎస్టీ మినహాయింపు దీనికి లేదు, అందం కోసం చేసే సర్జరీకి ఆరోగ్య బీమా కూడా రాదు. చివరి బిల్లు ఎంతో కాగితం మీద రాయించుకోండి.

గుండు, ప్యాచ్, పౌడర్

వీటిని చికిత్స చేయించుకోలేనివాళ్ల దారిగా చూడటం నాకు నచ్చదు. జుట్టు బాగా చిన్నగా కత్తిరించుకుని, గడ్డం చక్కగా ఉంచుకుంటే చాలామందికి అందంగా ఉంటుంది, ఖర్చు లేదు, దుష్ప్రభావం లేదు, వద్దనుకుంటే నెలకు ఒక సెంటీమీటర్ చొప్పున తిరిగి పెరుగుతుంది. కనీసం ఒకసారి ప్రయత్నించి చూడమని గట్టిగా చెబుతాను. ప్యాచ్, అంటే తలకు అతికించే విగ్గు, కొన్న రోజే ఒత్తైన తలనిస్తుంది, కానీ హైదరాబాద్ మే నెలలో జిగురు కింద చెమట, దురద, కొన్ని వారాలకోసారి సర్వీస్, కొన్ని నెలలకు కొత్తది. జిగురుకు అలర్జీ ఉందేమో ముందు చేతి మీద చూసుకోవాలి. నడినెత్తి పలచగా ఉన్నవాళ్లకు జుట్టులా కనిపించే ఫైబర్ పౌడర్ ఫంక్షన్ రోజుకు బాగా పనికొస్తుంది, వాన పడకుండా చూసుకుంటే.

పెళ్లి ముందున్నవాళ్లకు

ముహూర్తం ఎప్పుడన్నదాన్నిబట్టి ఎంపిక మారుతుంది. నాటిన వెంట్రుకలు రెండు నుంచి నాలుగు వారాల్లో రాలిపోయి, మూడు నాలుగు నెలలకు మళ్లీ మొలవడం మొదలై, పూర్తి రూపం రావడానికి ఏడాది పడుతుంది. కాబట్టి ఏడాది కన్నా తక్కువ వ్యవధి ఉంటే పెళ్లి కోసమని ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకోవద్దు. ఎనిమిది, తొమ్మిది నెలలుంటే మందులు ఈ వారమే మొదలుపెట్టండి, ఫొటోల రోజుకు ఫలితం కనిపించే అవకాశం ఉంది. రెండు నెలలే ఉంటే కొత్తగా మినాక్సిడిల్ మొదలుపెట్టకపోవడమే మంచిది. మొదట్లో ఎక్కువగా ఊడటం సరిగ్గా పెళ్లి వారంలో పడొచ్చు. మంచి హెయిర్‌కట్, పౌడర్‌తో పెళ్లి కానిచ్చి, ఆ తర్వాత మొదలుపెట్టండి. ఫినాస్టెరైడ్ వాడుతుంటే ఆ సంగతి కాబోయే భార్యకు ముందే చెప్పండి. పిల్లల విషయం ఇద్దరూ కలిసి నిర్ణయించుకునేటప్పుడు అది ఆమెకు తెలిసి ఉండాలి.

మందు ఏదైనా సరే, మొదలుపెట్టిన రోజున ఒకే బల్బు కింద, పొడి జుట్టుతో, ముందు నుంచి, పై నుంచి, రెండు కణతల వైపు నుంచి ఫొటోలు తీసి పెట్టుకోండి. తర్వాత నెలకొకసారి అదే చోట తీయండి, రోజూ అద్దంలో వెతుక్కోవద్దు. ఆరో నెల ఫొటోలు మొదటివాటి పక్కన పెట్టి డాక్టర్‌కు చూపించండి. కొనసాగించాలో మార్చాలో అప్పుడు మాట్లాడుకోవచ్చు.